మందీ మేళా

ఇంతలేసి బ్రష్షులు ఏనుక్కి కావాలి గాని కారుకెందుకు, అనుకుంది ఫణిశ్రీ, డేరాలోకి అడుగు పెట్టగానే ఎదురుగా నీలం కుచ్చులు వేలాడేసుకుని ముస్తాబు చేసిన గంగిరెద్దులా నిలబడ్డ మిషను కేసి చూసి, దాని మెళ్ళో బంతిపూల దండ వేశారు, నుదుట బొట్టు కూడా పెట్టారు, పెట్టరా మరి, మేళాకి ఇది ఆఖరి రోజు, ఒక్కటీ అమ్ముడుపోని సరుక్కి బొట్టయినా పెట్టకపోతే ఎలా, అసలు ఈ రాయ్‌పూర్‌లో కార్లు కడిగే వ్యాపారానికి ఒక మేళా పెడతారని, దానికి తనని పేరు పెట్టి పిలుస్తారని, మెళ్ళో తాడు తగిలించి దానికి వేలాడే అట్టముక్క మీద ఫణిశ్రీ మేడమ్, ప్రొప్రైటర్ అని రాసిస్తారని ఎవరనుకున్నారు, ప్రొప్రైటరట, సిల్తారా ఇనుము ఫ్యాక్టరీ గేటు ముందు మైకు పట్టుకుని సేఠ్ ముర్దాబాద్ అని అరిచి అరిచి గొంతు బొంగురు చేసుకున్న మనిషి ప్రొప్రైటరట, ఆ గొంతు ఇంకా పూర్తిగా తిరిగి రాలేదు, రాకపోతే పీడా పోయె, ఉన్నదానితోనే పని జరుగుతోంది, ఈలోగా వెనకనుంచి అమ్మ అప్పలనరసమ్మ కొంగు పట్టుకు లాగి, ఏటే ఇది, జీళ్ళోడు లేడు, గాజుల కొట్టు లేదు, ఇదేటి మేళాయే అంది, వద్దంటే విందా, మేళా అన్న మాట చెవిన పడగానే పెట్టెలోంచి జరీచీర తీసి కట్టేసింది, బీర్‌గావ్ నుంచి ఆటోలో వస్తున్నంతసేపూ రంగులరాట్నం ఉంటాదా, రంగులరాట్నం ఉంటాదా అని ప్రాణం తీసింది, ఉంటుందమ్మా, అందులో కార్లని కూచోబెట్టి తిప్పుతారు అని కసురుకుంటే నిజమేననుకుని ఊరుకుంది.

రంగులరాట్నం లేదు గాని రంగులకేం తక్కువ లేదు, ఎటు చూసినా నురగ, గులాబీ నురగ, పచ్చ నురగ, నిమ్మకాయ వాసన నురగ, నేల మీద ఎర్ర తివాచీ, తివాచీ నిండా తడి బూట్ల అడుగులు, ఆ బూట్లన్నీ అమ్మేవాళ్ళవే, కొనేవాడి చెప్పు గుర్తు ఒక్కటీ లేదు, ఈ సంగతి ఫణిశ్రీ మొదటి చూపులోనే పట్టేసింది, గేటు ముందు గుంపులో ఎవడు మనవాడు, ఎవడు మేనేజ్‌మెంటు పంపినవాడు అని వాసన చూసి చెప్పడం నేర్చిన ముక్కు అది, షాంపూవాడు పైపులవాడికి కార్డు ఇస్తున్నాడు, పైపులవాడు దుమ్ము పీల్చే మిషన్లవాడికి ఇస్తున్నాడు, పెళ్ళివారు దిగని పెళ్ళిలో వంటవాళ్ళే బంతిలో కూర్చుని ఒకరికొకరు వడ్డించుకున్నట్టుంది, దిగరు మరి, ఎవడు దిగుతాడు, దీపావళి వెళ్ళిపోయినా షోరూముల్లో కిందటి దీపావళి కార్లే దుమ్ము కొట్టుకుని ఉన్నాయి, సిల్తారాలో సగం చిమ్నీలు పొగ మానేశాయి, ఊళ్ళో పెద్దమనుషులు ఈ ఏడు ఆకాశం ఎంత నీలంగా ఉందోనని మురిసిపోతున్నారు, ఆ నీలం వెనక ఎన్ని పొయ్యిలు ఆరిపోయాయో బీర్‌గావ్ వచ్చి చూస్తే తెలుస్తుంది, రెండువేల పందొమ్మిది ఇలా ఏడుస్తుందని ఏ పంచాంగమూ చెప్పలేదు, పేపర్లు మాత్రం రోజూ బజారు చల్లబడింది, బజారు చల్లబడింది అని రాస్తున్నాయి, తొమ్మిదో తరగతిలో బడి మానేసి ఆ హిందీ పేపర్ల మీదే వేలు పెట్టి చదువు నేర్చుకున్న మనిషి తను, ఆ రాతల్లో దాక్కున్నది తనకి తెలియదా, బజారు చల్లబడడమేమిటి, దానికేమైనా జొరమొచ్చి తగ్గిందా, మనుషుల్ని గేటు బయటికి తోశారు అని రాయడానికి మాత్రం వాళ్ళ కలం సాగదు.

అలా తోసినప్పుడు పడ్డవాళ్ళే తన దగ్గర కార్లు కడిగే ఎనిమిది మందీ, ఇప్పటి మాట కాదు, మూడేళ్ళ కిందట ఇనుము ధర పడిపోయిందని చెప్పి సేఠ్ కొలిమి ఆర్పేసినప్పటి మాట, గేటు ముందు ధర్నా కూర్చున్నారు, సిల్తారా మసి సంగతి తెలిసిందే, కాసేపు నిలబెడితే తెల్ల లారీ నల్ల లారీ అయిపోతుంది, లోడు కోసం వరసలో ఆగిన డ్రైవర్లు ముందు అద్దం కనబడక తిట్టుకుంటుంటే, కూర్చుని కూర్చుని విసుగెత్తిన త్రివేణి లేచి, నీళ్ళ బిందె చంకనెత్తుకుని, న్యాయం కావాలి అని రాసిన బ్యానరు గుడ్డ ఓ చివర చించి, ఒక లారీ అద్దం తుడిచింది, ఆ డ్రైవరు అందరికీ చాయ్ తాగించాడు, రెండోవాడు నా అద్దం కూడా దీదీ అన్నాడు, మూడోవాడు బండి మొత్తం కడిగి పెట్టమన్నాడు, ధర్నా ఓడిపోయింది, కడుగుడు గెలిచింది, బ్యానరులో న్యాయం అన్న ముక్క ఏ లారీ టైరుకిందో మసిగుడ్డయిపోయింది, పోతే పోయింది, కూడు పెట్టింది, అక్కణ్ణుంచి తెలీబంధాకి వచ్చిపడ్డారు, చెరువు గట్టు మీద షికారుకొచ్చే బాబులు దుకాణాల వెనక ఖాళీ జాగాలో కార్లు వదిలి నడకకి వెళ్తారు, నడిచి చెమటపట్టి వచ్చేసరికి కారు తళతళలాడుతూ ఉంటుంది, ఎనిమిది మందీ బండి చుట్టూ ఒకేసారి పడతారు, అచ్చయ్య చక్రాల దగ్గర, త్రివేణి అద్దాల దగ్గర, మహేంద్ర సాహు లోపల సీట్ల దగ్గర, మిగిలినవాళ్ళు ఒళ్ళంతా, పది చేతులు ఒక్కటై పందిరి లేపినట్టు, ఈ గడ్డుకాలంలో కూడా ఆ జాగా ఖాళీగా లేదు, కొత్త కారు కొనలేనివాడు పాతదాన్నే కడిగించుకుంటాడు, కాదంటే అమ్ముకోబోయేముందు కడిగించుకుంటాడు, ఈ ముక్క ఏ పేపరూ రాయలేదు, ఫణిశ్రీకి మాత్రం తెలుసు, అందుకే ఈ డేరాలో అందరి మొహాలూ వేలాడుతున్నా తన నడక మాత్రం పండగ నడకలా ఉంది.

ఆయియే మేడమ్‌జీ, రండి రండి అంటూ ఎదురొచ్చాడు రాజేష్, ఇండోర్ కంపెనీవాడు, ఈ గంగిరెద్దుని ఊరూరా తిప్పేవాడు, మెడకి టై, టై మీద నురగ చుక్క, ఇంతకుముందే తెలీబంధా జాగాకి ఒకటికి రెండుసార్లు వచ్చి నలుమూలలా టేపు పెట్టి కొలుచుకుపోయాడు, అతను చెప్పేది తేనెలా ఉంటుంది, మిషను మీరు కొనక్కర్లేదు మేడమ్‌జీ, మేమే తెచ్చి మీ జాగాలో నిలబెడతాం, రాయ్‌పూర్‌లో మొదటి మిషను అని పెద్ద బోర్డు, బోర్డు మీద మీ ఫోటో, రేపు దుర్గ్‌లో పెట్టినా బిలాస్‌పూర్‌లో పెట్టినా కోర్బాలో పెట్టినా మీ చేతిమీదుగానే, మొత్తం ఛత్తీస్‌గఢ్‌కి మీరే ఏజెంటు, మీరు చెయ్యాల్సిందల్లా ఒక్కటే, దో ఆద్మీ బహుత్ హై, ఇద్దరు చాలు, ఒకడు బటను నొక్కడానికి, ఒకడు బండికి దారి చూపించడానికి, మిగిలినవాళ్ళని పంపించెయ్యండి, ఎనిమిది మంది బకెట్లు పట్టుకుని తిరుగుతుంటే మా మిషను పక్కన చూడ్డానికి బాగుండదు కదా, ఈ సాయంత్రంతో మేళా సర్దేస్తున్నాం, మీరు ఊ అంటే లారీ నేరుగా తెలీబంధాకే, ఊహూ అంటే మీ ఎదురుగా పెట్రోలు బంకుంది చూశారా, అక్కడికి, ఆ తర్వాత మీ దగ్గరికి ఒక్క బండి కూడా రాదు మేడమ్‌జీ, మీ మంచికోరి చెప్తున్నా, సోచ్ లియా, ఆలోచించుకున్నారా, అని నవ్వు మొహంతో అడిగాడు, ఆలోచిస్తున్నా భయ్యా, ముందు నీ ఎద్దుని ఆడించు చూద్దాం అంది ఫణిశ్రీ.

ఆలోచించకుండా ఎలా ఉంటుంది, అదే ఆలోచన, పడుకుంటే అదే, లేస్తే అదే, ఎవరికీ చెప్పలేదు, పొద్దున జాగా దగ్గర అచ్చయ్య, ఫణమ్మా, మేళాలో మంచి రబ్బరు బూట్లుంటే సూడు, కాళ్ళు నానిపోతన్నాయి అంటే సరే బాబాయ్ అంది గాని ఎందుకెళ్తోందో చెప్పలేదు, త్రివేణి నేనూ వస్తా దీదీ అంటే వద్దు, షాంపూ చూసుకుని వచ్చేస్తా అంది, షాంపూ అట, అబద్ధం చెప్పాల్సిన అవసరం ఏమొచ్చింది, మైకు ముందు ఏనాడైనా దాచిందా, సేఠ్ మొహం మీద చెప్పేదాన్ని మనవాళ్ళ మొహం మీద చెప్పలేకపోవడం ఏమిటి, అయినా తప్పేముంది, తన భుజం ఒకటి పైకి లేవడం మానేసి ఎన్నాళ్ళయింది, ఎవరడిగారు, బోర్డు మీద ఫోటో వేస్తే వేసుకోనీ, తొమ్మిదో తరగతి ఫణిశ్రీ మొత్తం రాష్ట్రానికి ఏజెంటు అంటే ఆ సేఠ్‌గాడు కారులో పోతూ ఆ బోర్డు చూసి చావాలి, దుర్గ్ తనకి చేతకాదా, కోర్బా చేతకాదా, ఇద్దరితో ఒక మిషను, రేపు పది మిషన్లు, అంటే ఇరవై మందికి పని, ఎనిమిది ఎక్కడ ఇరవై ఎక్కడ, ఇవాళ కొంచెం ఓపిక పడితే రేపు అందరికీ, అని సాఫీగా సాగిపోతున్న ఆలోచన ఎక్కడో రాయి తగిలినట్టు తుళ్ళింది, ఈ మాట ఇంతకుముందు విన్నాను, ఎక్కడ విన్నాను, గేటు దగ్గర, జనరల్ మేనేజర్ నోట, ఇవాళ కొంచెం ఓపిక పట్టండి, పెద్ద ప్లాంటు వస్తుంది, అప్పుడు అందరికీ పని అన్నాడు, పెద్ద ప్లాంటు వచ్చింది కూడా, మనవాళ్ళలో ఒక్కణ్ణి పిలిచాడా.

మిషను ఆడింది, నీలం కుచ్చులు గిర్రున తిరిగాయి, ఓ తెల్లకారు నురగలో ములిగి తేలింది, కుర్చీలో కూలబడి ఉచిత షాంపూ పొట్లాలు సంచిలో కుక్కుకుంటున్న అప్పలనరసమ్మ చప్పట్లు కొట్టి, ఓలమ్మ ఓలమ్మా, దీనికి నలుగెట్టి నీల్లోస్తన్నారే, పెల్లికూతురే పెల్లికూతురు అని సంబరపడిపోయింది, రాజేష్ ఆవిడ చేతికి చల్లటి సీసా అందించి, ఈవిణ్ణి పట్టుకుంటే కూతురు లొంగుతుందని లెక్కేసుకున్నాడు కాబోలు, పక్కనే గొంతుక్కూచుని, ఏం చెయ్యమంటారు మాతాజీ, మందీ హై, చారో తరఫ్ మందీ హై, ఎటు చూసినా మందీయే అన్నాడు, మందీ అంటే హిందీలో గిరాకీ పడిపోవడం, పేపర్లలో చల్లబడిన బజారు ఇదే, దుకాణదారుల నోట ఈ ఏడంతా అదే మాట, కాని అప్పలనరసమ్మకి ఆ మాట ఎలా తెలుస్తుంది, శ్రీకాకుళం నుంచి కాపరానికి వచ్చింది మొదలు రైల్వే క్వార్టరులో బతికిన మనిషి, మొగుడు రైలుపెట్టెలు బాగుచేసే వర్క్‌షాపులో ఖలాసీ, ఒకటో తారీకు రాగానే జీతం, లోకం తలకిందులైనా జీతం, ఆ ఇంటి గుమ్మం మందీ అన్న మాట ఏనాడూ తొక్కలేదు, ఆవిడ నేర్చిందంతా కుళాయి దగ్గర ఆడవాళ్ళు మాట్లాడుకునే ఛత్తీస్‌గఢీ, బజార్లో కూరగాయల హిందీ, అందుచేత తన తెలుగు చెవితోనే వింది, చుట్టూ తల తిప్పి ఖాళీ డేరా అంతా ఓమాటు పరకాయించి, మంది ఎక్కడున్నారు బాబూ, పురుగు లేదు ఇక్కడ అని తెలుగులో గొణిగి, మళ్ళీ ఈ పిల్లడికి తెలుగు రాదు కదా అని గుర్తొచ్చి, కుళాయి భాషలోకి దిగి, మంది హవే త మిషన్ కాబర్ బాబూ అంది.

మంది ఉంటే మిషనెందుకు బాబూ, అంది అమ్మ, అంతే అంది, సీసాలో గొట్టం పెట్టుకుని చల్లగా తాగుతూ అంది, ఫణిశ్రీకి ఫక్కున నవ్వొచ్చింది, అమ్మా మందీ అంటే అది కాదే అనబోయింది, అనలేదు, ఎందుకంటే రాజేష్ నవ్వలేదు, రాజేష్ మొహంలో రంగు దిగిపోయింది, అతను తన హిందీ చెవితో విన్నాడు, మందీ ఉంటే మిషనెందుకు, గిరాకీయే లేనప్పుడు ఈ మిషను ఎవడికి కావాలి, అని ఎవరో జరీచీర కట్టుకున్న ముసలావిడ సూటిగా అడిగిందని విన్నాడు, ఫణిశ్రీకి రెండు చెవులూ ఉన్నాయి, రెండూ ఒకేసారి మోగాయి, మంది ఉంటే మిషనెందుకు, మందీ ఉంటే మిషనెందుకు, ఎటు తిప్పి విన్నా అదే నిలబడుతోంది, ఒక్క వాక్యం రెండు భాషల్లో రెండు వేరువేరు అర్థాలతో ఒకే చెంపదెబ్బ కొట్టింది, ఇంత చదివాను ఇంత మాట్లాడాను ఇన్నాళ్ళ నుంచి బుర్ర బద్దలు కొట్టుకుంటున్నాను, నీళ్ళెంత పడతాయి, కరెంటెంత లాగుతుంది, బోర్డు ఎంత పొడుగు ఇవన్నీ అడిగాను, ఈ పొట్లాలు ఏరుకునే మనిషి అడిగింది మాత్రం నాకు తట్టలేదు, పోనీలే, అమ్మ కడుపునే కదా పుట్టాను, నా ఖాతాలోనే వేసుకుంటాను, అని గొంతు సవరించుకుని, చెప్పు భయ్యా, మా అమ్మ అడిగినదానికి జవాబు చెప్పు, మందీ హై తో మిషన్ కాహే అంది.

రాజేష్ టై వదులు చేసుకున్నాడు, చెప్పడానికేముంది మేడమ్‌జీ అన్నాడు, ఆ గొంతులో ఇందాకటి తేనె లేదు, నాగ్‌పూర్‌లో మేళా పెట్టాం ఎవరూ తీసుకోలేదు, జబల్‌పూర్‌లో పెట్టాం ఎవరూ తీసుకోలేదు, ఇక్కడ కూడా ఎక్కడా నిలబెట్టకుండా తిరిగొస్తే నువ్వు రానక్కర్లేదు అన్నారు, ఇండోర్‌లో మా ఆవిడకి ఇంకా చెప్పలేదు, అని టై మీది నురగ చుక్కని గోటితో గీకుతూ కూర్చున్నాడు, ఫణిశ్రీ నిలబడి చూసింది, బల్లకి అవతల కూర్చున్నవాడు ఎప్పుడు బల్లకి ఇవతలికి వచ్చాడో తెలియలేదు, ఇవతలే ఉన్నాడు, మొదటినుంచీ ఇవతలే ఉన్నాడు, టై కట్టడం వల్ల తెలియలేదు అంతే, మరి బంకువాడేమన్నాడు అని అడిగింది, నిజం చెప్పు, నవ్వాడు మేడమ్‌జీ, పిచ్చివాణ్ణి చూసి నవ్వినట్టు నవ్వి టీ ఇచ్చి పంపేశాడు అన్నాడు, అబ్బ, ఎంత హాయిగా ఉంది ఆ మాట, ఇన్నాళ్ళూ గుండెల మీద కూర్చున్న బంకు లేచి వెళ్ళిపోయింది, ఈ డేరా నిండా అమ్మేవాళ్ళు, వీళ్ళందరిలో రేపు పొద్దున ఎదురుచూసే కార్లు ఉన్నది ఎవరికి, తనకి, ఒక్క తనకే, అంటే వచ్చింది తను అడగడానికి కాదు, అడిగించుకోవడానికి, ఈ బుద్ధి పొద్దుటినుంచీ ఎక్కడ చచ్చిందో, సరే విను రాజేష్ భయ్యా అంది, మేడమ్ గొంతు తీసేసి గేటు ముందటి గొంతుతో, నీ మిషను రానీ, నా జాగాలో ఓ మూల నిలబడనీ, బురద బళ్ళకి మొదటి నీళ్ళు అది కొట్టనీ, కాని నా ఎనిమిది మందీ ఉంటారు, అలాగని మీ కంపెనీ కాగితం మీద రాసి సంతకం పెట్టాలి, ఫో, ఇండోర్‌కి ఫోను చెయ్యి, బయట నిలబడి చెయ్యి, ఈ నురగ గోలలో వినబడదు.

అతను వెళ్ళాడు, మైకులో ఎవరో బహుమతులు, ఆకర్షణీయమైన బహుమతులు అంటున్నారు, తీసుకునేవాళ్ళు లేక షాంపూవాడే పైపులవాడికి బహుమతి ఇస్తున్నాడు, అమ్మ సంచి బరువు చూసుకుని, ఏటే అలగ కసిరేవు ఆ గుంటణ్ణి, పాపం మొకం పీక్కుపోయింది, తిన్నాడో లేదో అంది, నేను కసరలేదమ్మా, నువ్వే కసిరావు, నానా, నానేటన్నానే, మంది ఉన్నారంటే మంచిదే కదా అన్నాను, అవునమ్మా అవును, మంచిదే, అని ఫణిశ్రీ అమ్మ భుజం మీద చెయ్యేసింది, నొప్పి ఉన్న చెయ్యే, ఇవాళ కొంచెం లేచింది, డేరా గుడ్డ సందులోంచి ఎండలో రాజేష్ కనబడుతున్నాడు, ఫోను చెవికి, రెండో చెయ్యి గాలిలో, బతిమాలుతోంది ఆ చెయ్యి, కనబడని మనిషి ముందు వంగి వంగి బతిమాలుతోంది, తన మనుషుల కోసం ఇండోర్‌వాడు బతిమాలడం బాగానే ఉంది, ఇలాంటి వకీలు గేటు దగ్గర దొరికితే ఎంత బాగుండేది, వస్తుంది, ఇది జరుగుతుంది, నా లెక్క తప్పదు, వాళ్ళకి నిలబెట్టుకోవడానికి జాగా కావాలి, నాకేమో ఏమీ అక్కర్లేదు, ఏమీ అక్కర్లేనివాడితో బేరం గెలిచినవాడు లేడు.

పరుగులాంటి నడకతో వచ్చాడు రాజేష్, మొహం వెలిగిపోతోంది, నాలుగు వేళ్ళు ఎత్తి చూపించాడు, చార్ మేడమ్‌జీ, నలుగురికి ఒప్పుకున్నారు, కాగితం మీద రాసిస్తామన్నారు, ఇంకొంచెం గట్టిగా అడగమంటే అడుగుతా, ఫోను పెట్టెయ్యలేదు, లైనులోనే ఉన్నారు, అని చేత్తో ఫోను మూసి గుసగుసలాడాడు, ఫణిశ్రీ నోట్లో ఆరు అన్న మాట అప్పటికే తయారైపోయింది, బీర్‌గావ్ సంతలో వంకాయల దగ్గర పదునెక్కిన నోరు, ఎదుటివాడు నాలుగంటే మనం ఎనిమిది అంటూ కూర్చోకూడదు, ఆరనాలి, ఆరు దగ్గర తెగుతుంది, ఆరుగురంటే మాటలా, ఏ యూనియనువాడు తెచ్చాడు ఇంత, ఇద్దరేగా పోయేది, ఇద్దరు, ఎవరా ఇద్దరు, అచ్చయ్య ఎలాగూ పెద్దవాడు, నీళ్ళలో నానకూడని ఒళ్ళు, దగ్గు ఒకటి, ఇంటిపట్టున ఉంటే అతనికే మంచిది, కొడుకు చూసుకోడా, చూసుకోడు, అయినా సరే, పోనీ చూసుకుంటాడు, రెండో మనిషి త్రివేణి, కాదు కాదు, త్రివేణి అద్దం తుడిచినట్టు ఎవరు తుడుస్తారు, మహేంద్ర, ఆఁ మహేంద్ర, ఊళ్ళో వాళ్ళ నాన్నకి చెక్కో ముక్కో పొలం ఉందన్నాడుగా, పొలం ఉన్నవాడు పస్తుండడు, పైగా సోమవారాలు ఆలస్యంగా వస్తాడు, అవును, సోమవారాలు ఆలస్యం, నిజమే, ఎప్పుడొచ్చాడు ఆలస్యంగా, ఒకసారి, పెళ్ళాం కాన్పుకని పెద్దాసుపత్రికి తీసుకెళ్ళి నేరుగా పనికి వచ్చాడు, ఆ ఒక్కసారేగా, మరి ఆ ఒక్కసారిని సోమవారాలు చేసింది ఎవరు.

ఎవరు చేశారు, ఎవరో చేశారు, ఇప్పుడే, ఇక్కడే, ఈ బుర్రలోనే, మిషనుకి వేసిన బంతిపూల వాసన ఇంకా ముక్కుకి తగులుతుండగానే చేశారు, మహేంద్ర మీద నేరం అల్లేశారు, అచ్చయ్య దగ్గుని సాక్ష్యం తెచ్చారు, కనీసం గొంతయినా మార్చుకోలేదు, ధర్నాలో బొంగురుపోయిన తన గొంతుతోనే ఎంతో ప్రేమగా, అతనికే మంచిది అతనికే మంచిది అని మాట్లాడారు, మేడమ్‌జీ, ఛే బోలూఁ, నాలుక్కీ ఎనిమిదికీ మధ్య ఆరు అననా, లైనులో ఉన్నారు అంటున్నాడు రాజేష్, వద్దు భయ్యా అంది ఫణిశ్రీ, పెట్టెయ్యి, ఎనిమిదీ అయితే ఎనిమిది, లేకపోతే నీ ఎద్దుని లారీ ఎక్కించుకో, నిన్ను రావద్దంటే సిగ్గుపడకుండా తెలీబంధా వచ్చెయ్యి, టై మాత్రం తీసేసి రా, అని మెళ్ళో అట్టముక్క తీసి బల్ల మీద పెట్టి, లే అమ్మా అని అప్పలనరసమ్మకి చెయ్యందించింది, ఎక్కడికే, ఇంటికా, జాగా దగ్గరికి, సాయంత్రం బళ్ళు వచ్చేస్తాయి, మనవాళ్ళకి చెప్పాల్సింది కూడా ఉంది, ఏటి సెప్పాల, అంతా చెప్పాలి, దేనికొచ్చానో, నోట్లోకి ఏమొచ్చిందో అంతా, డేరా బయట ఎండ నెత్తి మీద చురుక్కుమంది, బంకువాడు రేపు మనసు మార్చుకుంటే మార్చుకోనీ, పది మిషన్లు వస్తే రానీ, వాటితో కొట్లాడ్డం తనకి కొత్త కాదు, ఓడిపోవడమూ కొత్త కాదు, ఓడిపోయి లేవడం మరీ పాతది, ఇన్నాళ్ళూ సేఠ్ అంటే ఏదో బంగళాలో పుడతాడనుకుంది, బీర్‌గావ్‌లో బతికేవాళ్ళకి ఆ జబ్బు రాదనుకుంది, వస్తుంది, ఇందాక వచ్చింది, ఎవరిని తీసెయ్యాలి అన్న ప్రశ్న ఎవరు అడిగినా సరే, ఎంత మర్యాదగా అడిగినా సరే, కూర్చుని దానికి జవాబు వెతకడం మొదలుపెట్టావా అక్కడే పుట్టేశాడు సేఠ్, ఆ ప్రశ్నకి మంచి జవాబు లేదు, న్యాయమైన జవాబు లేదు, తక్కువ పాపం జవాబు కూడా లేదు, దానికి జవాబు చెప్పకూడదు, అంతే.